గోడ మీద రైలు

పలాస స్టేషన్లో దిగి కాశీబుగ్గ వైపు నడుస్తుంటే ఊరికంటే ముందు ఊరి వాసన ఎదురొస్తుంది. ఉడికించిన జీడిపిక్కల వాసన అది. ఒకప్పుడు కాల్చేవారు, ఇప్పుడు చాలాచోట్ల ఆవిరి పట్టి, ఆరబోసి కోతకిస్తున్నారు. కోత బల్ల ముందు కూర్చున్న ఆడమనిషి పనితనం చూడాలి. ఒక చేత్తో పిక్కని కత్తుల మధ్య పెడుతుంది, కాలితో మీట తొక్కుతుంది, రెండో చేత్తో పిడి నొక్కుతుంది. పెంకు విడిపోయి పప్పు ఒక పక్కకి, డొల్ల ఒక పక్కకి పడతాయి. జీడి అంటకుండా చేతులకు నూనె రాసుకుంటారు. అయినా గోళ్ళ చుట్టూ నల్లమరక దిగిపోయే ఉంటుంది. గుండు పప్పుకి ఒక ధర, బద్దకి ఇంకో ధర, ముక్కకి మరీ తక్కువ ధర. కోసిన చేతికి మాత్రం ఎప్పుడూ తక్కువ ధరే.

నా భుజాన బట్టసంచీ, అందులో పిల్లల బొమ్మల పుస్తకాలు. ఒకామె చూసి, “అమ్మడానికొచ్చారేటి బాబూ?” అంది. చూపించడానికని చెప్పాను. ఒకటి తీసి ఇవ్వబోతే చేయి వెనక్కి లాక్కుంది. “నా చేతికి జీడుంది. మీరే తిప్పండి.” పేజీలు తిప్పాను. కొండలూ, మంచూ, ఎర్రగౌను వేసుకున్న ముసలమ్మా చూసింది. చివరిదాకా చూసి, “బాగున్నాయి. కొబ్బరిచెట్లూ మన ఊళ్ళూ ఉన్న పుస్తకం నేదేటి?” అంది.

సంచీలో అలాంటిది లేదు. ఉన్నవేమిటో చెప్తాను. ఒకటి కెనడాలో క్రీ-మేటీ జాతికి చెందిన జూలీ ఫ్లెట్ రాసి, బొమ్మలు వేసిన ‘వైల్డ్ బెర్రీస్’. 2013లో వచ్చింది. క్లారెన్స్ అనే పిల్లాడు నాయనమ్మతో కలిసి అడవికి వెళ్ళి పళ్ళు కోసుకొస్తాడు. కథంతా అంతే. ఇంగ్లీషు వాక్యాల మధ్య క్రీ మాటలు వేరే రంగులో కనిపిస్తాయి. ఇంకొన్ని ప్రథమ్ బుక్స్ వాళ్ళ ‘ఆదికహాని’ పుస్తకాలు. ఒడిశాలోని ముండా, కుయి, సౌరా, జువాంగ్ పిల్లల కోసం ఆయా జాతులవాళ్ళే చెప్పిన చిన్న చిన్న కథలు. ఒడిశాలో సౌరా అంటే మన శ్రీకాకుళం కొండల్లోని సవరలే. వీటిని పట్టుకుని టెక్కలి వెనక కొండల్లోకి వెళ్ళి, అక్కడి పిల్లలు ఏమంటారో విని, మందస మీదుగా ఉద్దానం సముద్రపొడ్డుకి దిగాలన్నది నా ప్రయాణం.

క్రీ పుస్తకం ఎందుకు మోసుకెళ్ళానో కూడా చెప్పాలి. మన కాన్వెంటు బడుల వార్షికోత్సవాల్లో ‘గిరిజన నృత్యం’ అని ఒకటుంటుంది, చూసే ఉంటారు. పిల్లలకి ఆకుల లంగాలు కట్టి, మొహాన గీతలు గీసి, నెత్తిన ఈకల కిరీటం పెట్టి, చేతికి బల్లెం ఇచ్చి ‘జింగాలాలా’ అనిపిస్తారు. సవరల్లో కూడా ఆటగాళ్ళు తలపాగాలో నెమలి ఈకో కోడి ఈకో దోపుకుంటారు. కానీ ఆ ఈకల కిరీటం వాళ్ళది కాదు. అది అమెరికా, కెనడాల ప్రెయిరీ గడ్డిమైదానాల నుంచి హాలీవుడ్ ఎత్తుకొచ్చి, మన సినిమావాళ్ళకి అరువిచ్చి, వాళ్ళ నుంచి మన బడిలోకి వచ్చిన సరుకు. ఆ మైదానాల్లోని జాతుల్లో క్రీ వాళ్ళొకరు. అక్కడ వాళ్ళని కూడా ఆ బొమ్మలోనే బిగించేశారు. ప్రెయిరీ మీద క్రీ జీవితం అనగానే బొమ్మల పుస్తకంలో గుడారం, గుర్రం, అడవిదున్నల మంద. ఆ మందలు 1880ల నాటికే తుడిచిపెట్టుకుపోయాయి. క్రీ మనుషులు మాత్రం పోలేదు. ఫ్లెట్ పుస్తకం నాకు నచ్చింది అందుకే. అందులో నాయనమ్మ మామూలు బట్టల్లో ఉంటుంది.

టెక్కలి మీదుగా తేలినీలాపురం దారిన వెళ్ళాను. చెరువుగట్ల చింతచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. గూళ్ళు పెట్టి పిల్లల్ని లేపి వెళ్ళిపోయే ఈ పక్షుల్ని ఊరివాళ్ళు ఒక్క రాయి వెయ్యనివ్వరు, అది గొప్ప విషయం. అయితే ఇవి సైబీరియా నుంచి వచ్చాయని ఎవరిని అడిగినా చెప్తారు, పత్రికలూ ప్రతి ఏడూ అదే రాస్తాయి. నిజానికి ఈ రెండు జాతులూ దక్షిణాసియావే. నీళ్ళూ చేపలూ ఉన్నచోటు చూసుకుని మన దేశంలోనే తిరుగుతుంటాయి. ఇంటి పక్షిని విదేశీ చుట్టాన్ని చేస్తే తప్ప మనకు గౌరవం పుట్టదేమో. కొండమీద మనిషికి ప్రెయిరీ ఈకలు తగిలించడం కూడా ఆ కోవలోదే. తేడా ఒకటుంది. సైబీరియా పేరు వల్ల పక్షికి మర్యాద దక్కింది. ఈకల వల్ల సవర పిల్లకి నవ్వులపాలు కావడమే దక్కింది.

టెక్కలి నుంచి ఒక రైలు కొండల వైపు వెళ్తుంది. నౌపడ దగ్గర పెద్దలైను నుంచి విడిపోయి, టెక్కలి, పాతపట్నం దాటి, పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ చేరుతుంది. పర్లాకిమిడి రాజావారు 1900లో పర్లాకిమిడి దాకా వేయించిన చిన్న రైలు అది. 1931లో గుణుపూర్ దాకా పొడిగించారు. 2011 ప్రాంతంలో పూర్తిగా పెద్దపట్టాల లైనయింది. నౌపడ ఉప్పు పైకి వెళ్ళేది, కొండసరుకు కిందికి దిగేది. కంది, చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు మోసుకుని సంతకొచ్చే సవరలకు ఈ బండి బాగా తెలుసు. ఈ రైలు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనుంది.

మెళియాపుట్టి దాటాక రోడ్డు సన్నబడి, రెండు పక్కలా జీడితోటలు మొదలవుతాయి. కొండ అంచున ఒక సవర గూడ. ఒకే గోడకి ఆనించి కట్టిన ఇళ్ళ వరస, ముందు పొడుగాటి అరుగు. ఆ అరుగు మీద కూర్చుని ఒక ముసలాయన కొండచీపురు కట్టలు కడుతున్నాడు. ఎండు పుల్లని మోకాలికి తట్టి పొట్టు రాల్చి, కుచ్చు సమానం చేసి, తాటి నారతో బిగిస్తున్నాడు. ఒక్కో కట్టకి రెండు మూడు నిమిషాలు పట్టదు. గిరిజన సహకార సంస్థకి ఇస్తావా, సంతకి తీసుకెళ్తావా అని అడిగితే, “ఎవులు ముందొస్తే ఆలకి” అన్నాడు.

బడి ఒకే గది. పై ఊరి నుంచి వచ్చే మాస్టారూ, సవర మాట్లాడే కుర్ర టీచరమ్మా ఉన్నారు. గోడన వేలాడే చార్టుల్లో ఒకటి ‘మన దేశ ప్రజలు’. అందులో గిరిజనుడు అని రాసి ఉన్నచోట విల్లు పట్టుకున్న మనిషి, నెత్తిన ఈకలు. ఈయన ఎవరర్రా అని అడిగాను. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చివరికొకడు ధైర్యం చేసి, “సినిమావోడు” అన్నాడు. మాస్టారు నవ్వాపుకోలేకపోయారు.

క్రీ పుస్తకం తెరిచి కింద పెట్టాను. నేను ఇంగ్లీషు చూసి తెలుగులో చెప్తే, టీచరమ్మ సవరలో చెప్పింది. మూడో పేజీకే పిల్లలకి మా ఇద్దరి అవసరం తీరిపోయింది. ముసలమ్మ, బకెట్టు, పొదలు, పళ్ళు. ఇందులో కొత్తేముంది? ఆ పళ్ళు ఏవన్న దాని మీద పెద్ద వాదన జరిగింది. నేరేడన్నారు కొందరు, పరికిపళ్ళన్నారు కొందరు. పొదల మధ్య చీమ కనిపించింది, సాలీడు కనిపించింది, నక్క కనిపించింది. ఒక పిల్ల పుస్తకాన్ని వెనక్కీ ముందుకీ రెండుసార్లు తిరగేసి టీచరమ్మ చెవిలో ఏదో అడిగింది. “ఎలుగేదీ అంటోంది సార్” అందావిడ. నిజమే కదా. ఉద్దానంలో జీడిమామిడి పండినా పనస పండినా ఎలుగుబంటి దిగాల్సిందే. 2022లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడిలో మనిషి ప్రాణం పోయింది. పళ్ళ తోటలోకి ముసలమ్మతో వెళ్తూ ఎలుగు బొమ్మ లేకపోతే ఈ పిల్లలకి అది పూర్తి కథ కాదు.

తర్వాత కాగితాలిచ్చి మీ ఊరి బొమ్మలు వెయ్యమన్నాం. కొండ, వరస ఇళ్ళు, జీలుగుచెట్టుకి వేలాడే కల్లుకుండ, కందికొత్తల పండగనాటి డప్పులు వచ్చాయి. వాటితో పాటు చీపురుకట్టలు నెత్తిన వేసుకుని సంతకెళ్ళే ఆటో వచ్చింది, సెల్ టవరు వచ్చింది. ఒకడు టవరు పక్కన కొండరాయి మీద నిలబడి ఫోను పైకెత్తిన మనిషిని వేశాడు. సిగ్నలు కోసమట. ఏ పేజీలోనూ ఈకలు లేవు.

ఇక్కడే రైలుతో పని. సవరల గోడబొమ్మల గురించి చాలామంది విన్నారు. ఎర్రమన్ను పూసిన గోడ మీద, బియ్యప్పిండి నీళ్ళతో, కొస నమిలిన వెదురుపుల్లతో తెల్లగా గీస్తారు. ఒడిశా వైపు ఇడితాల్ అంటారు. వార్లీ బొమ్మల్లా కనిపిస్తాయి కానీ, ఇక్కడ ముందు చుట్టూ చట్రం గీసి, అంచు నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. ఆ చట్రం ఒక ఇల్లు. జబ్బు చేసినా, చనిపోయిన పెద్దలకి కోపమొచ్చినా, పంట సరిగా రాకపోయినా, పూజారి చెప్పిన ప్రకారం దేవరకో పెద్దలకో గోడ మీద ఆ ఇల్లు కట్టిస్తారు. వాళ్ళు వచ్చి అందులో ఉంటారని నమ్మకం. ఉండేవాళ్ళకి ఏమేం కావాలో అవన్నీ లోపల వెయ్యాలి. చెట్లు, కోతులు, ఏనుగులు, సూర్యుడు, చంద్రుడు, కుండలు మోసే ఆడవాళ్ళు, డప్పు వాయించేవాళ్ళు ఉంటారు. వీళ్ళ మధ్యలో రైలు ఉంటుంది, సైకిలు ఉంటుంది, తుపాకీ పట్టిన బంట్రోతు ఉంటాడు, విమానం కూడా ఉంటుంది. వెరియర్ ఎల్విన్ 1940ల నుంచి ఈ కొండల్లో తిరిగి, 1955లో అచ్చువేసిన సవరల మతం పుస్తకంలో ఇలాంటి బొమ్మలు ఎన్నో చేర్చాడు. పెద్దవాళ్ళు చనిపోయాక కూడా రైలెక్కాలి కదా మరి! కిందికి దిగిన సవర మైదానంలో ఏం చూశాడో అది వెంటనే గోడెక్కింది. ఎవరూ ‘ఇది మన సంప్రదాయం కాదు’ అని రైలుని చెరిపెయ్యలేదు.

ఆ బొమ్మనే ఇప్పుడు మనం చొక్కాలమీద, ప్రభుత్వ ఆఫీసు గోడలమీద వేయించుకుంటున్నాం. మనం వేయించుకున్నప్పుడు రైలుండదు. ఏనుగూ చెట్టూ నాట్యమూ మాత్రమే మిగులుతాయి. 2024 జనవరిలో ఒడిశా లాంజియా సౌరా చిత్రకళకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన వైపు సీతంపేట మండలంలో అడ్డాకులగూడ లాంటి ఊళ్ళలో కాగితం మీద, బట్ట మీద వేసేవాళ్ళున్నారు. పూజ కోసం గోడ మీద వేయించుకునేవాళ్ళు బాగా తగ్గిపోయారు. చాలా గూడల్లో ఇప్పుడు చర్చిలున్నాయి. నేను చూసిన గూడలో గోడలన్నీ నీలిరంగు. ఇదీ ఉన్న సంగతే. పుస్తకంలో వేసేవాళ్ళు నీలి గోడ కూడా వెయ్యాలి.

ఈ కొండల పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలన్న ఆలోచన నిన్నమొన్నటిది కాదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. ఆ భాష మనదీ కాదు, ఒరియా బంధువూ కాదు. ముండారీ, సంతాలీల కుటుంబం. నేర్పే పుస్తకం లేదు, లిపి లేదు. తెలుగొచ్చిన సవరని ఇంట పెట్టుకుని మాట మాటా పట్టుకున్నారు. సవరలో వాచకాలు, కథలు, పాటలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్ళకి జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం బహుమానం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో బడి పెట్టమన్నారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, తర్వాత నిఘంటువులూ అచ్చయ్యాయి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయి, 1940 జనవరిలో పోయారు. తెలుగువాళ్ళకి ఆయన వాడుకభాష గిడుగు. కొండకి ఆయన మొదటి పంతులు. రెండో సగాన్ని మనం సభల్లో ఒక్క వాక్యంతో తేల్చేస్తాం.

అదే 1936లో కొండకి అవతల మంగై గొమాంగో అనే సవర పెద్ద సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశాడు. ఇరవైనాలుగు అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో దేవత. 2012లో యూనికోడ్‌లోకి ఎక్కింది. కెనడా బాప్టిస్టు మిషనరీలు సవరని రోమన్ లిపిలో రాశారు. ఒడిశా బడుల్లో ఒరియా లిపి. ఇక్కడ 2004 ప్రాంతంలో మొదలైన మాతృభాషా బోధనలో తెలుగు లిపిలో సవర వాచకాలు వచ్చాయి. అంటే కొండకి ఈ పక్క మేనమామ కూతురు చదివే పుస్తకం ఆ పక్క మేనత్త కొడుకు చదవలేడు. బొమ్మ మాత్రం ఇద్దరికీ అర్థమవుతుంది. బొమ్మల పుస్తకం ఇక్కడ చదువుకి అలంకారం కాదనడానికి నాకు ఇంతకంటే గట్టి కారణం కనిపించలేదు.

మందసలో కోవా తిన్నాను. దాని గురించి అందరూ రాశారు, నేను మానేస్తాను. మహేంద్రగిరి మబ్బులో ఉంది.

సోంపేటలో ఒక పాత ఆసుపత్రి ఉంది, ఆరోగ్యవరం. కెనడా బాప్టిస్టు మిషన్ పెట్టింది. అక్కడ పనిచేసిన డాక్టర్ బెన్ గలిసన్ 1963లో కాల్గరీ వెళ్ళి, ఇక్కడి కంటిజబ్బుల గురించి చెబితే, అక్కడి వ్యాపారులు కొందరు పూనుకుని ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పెట్టారు. కాల్గరీ ప్రెయిరీ పట్నం, ఆల్బెర్టా రాష్ట్రంలో ఉంది. క్రీ ఊళ్ళు ఆ రాష్ట్రంలో చాలా ఉన్నాయి. కాబట్టి ఉద్దానానికీ ప్రెయిరీకీ చుట్టరికం ఈకలతోనే కాదు, కంటి ఆపరేషన్లతో కూడా ఉంది. అయితే చేదు సంగతి ఇంకొకటి. ఆ దేశం నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ కొండెక్కి సవర నేర్చుకుంటున్న రోజుల్లోనే, ఆ దేశంలో క్రీ పిల్లల్ని ఇళ్ళ నుంచి లాక్కెళ్ళి హాస్టలు బడుల్లో పెట్టి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే కొట్టారు. ఆఖరి బడి మూసింది 1990ల్లో. డేవిడ్ రాబర్ట్‌సన్ రాసి జూలీ ఫ్లెట్ బొమ్మలేసిన ‘వెన్ వి వర్ అలోన్’ ఈ చరిత్రని పసిపిల్లలకి చెప్తుంది. నాయనమ్మ రంగురంగుల బట్టలెందుకు వేసుకుంటుంది, జడ ఎందుకు పొడుగ్గా పెంచుకుంది అని మనవరాలు అడుగుతుంది. బడిలో ఆ రెండూ వద్దన్నారు కాబట్టి అంటుంది నాయనమ్మ. 2017లో ఆ పుస్తకానికి కెనడా గవర్నర్ జనరల్ అవార్డిచ్చారు. పిల్లల పుస్తకంలో చేదు ఉండకూడదనే మన సంపాదకులు ఇది ఒకసారి తిరగెయ్యాలి.

కవిటి వైపు దిగేసరికి ఇళ్ళు కనిపించవు, కొబ్బరిచెట్లే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పడిపోయిన చెట్ల చోట మళ్ళీ వేసిన మొక్కలు ఇప్పుడు మనిషెత్తు దాటాయి. కొబ్బరి కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ మధ్యకాలాన్ని ఇక్కడివాళ్ళు వలస వెళ్ళి గడిపారు. అరుగుల మీద నీళ్ళ క్యాన్లున్నాయి. కిడ్నీ జబ్బు ఈ ఊళ్ళను ఎంత తిన్నదో తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళు తెచ్చారు. ఒక తోటలో పిల్లలు క్యాన్ మూతలతో బొమ్మరిళ్ళ ఆట ఆడుతున్నారు. మూతల్లో ఇసక పోసి అన్నమంటున్నారు. ఉద్దానం పిల్ల కథ ఎవరైనా బొమ్మలేస్తే, సముద్రం, పడవ, పనసకాయతో పాటు ఆ క్యానూ ఉండాలి. తాతని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్ళే ఆటో కూడా ఉండాలి. భయపెట్టడానికి కాదు, అది ఆ పిల్ల రోజూ చూసేది కనుక.

బొమ్మలేసేవాళ్ళకి, అచ్చువేసేవాళ్ళకి ఒక మాట. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని గిడుగు వారి విగ్రహాలకి దండలు వేస్తాం. వచ్చే ఆగస్టుకి ఇరవై పేజీల సవర బొమ్మల పుస్తకం ఒక్కటి వెయ్యండి. మాటలు సవరలో, తెలుగు లిపిలో. బొమ్మలు అక్కడి పిల్లలవీ, అక్కడి చిత్రకారులవీ. ఎలుగు ఉండాలి, ఆటో ఉండాలి, రైలు తప్పకుండా ఉండాలి, ఈకల కిరీటం ఉండకూడదు. రెండోది ఉద్దానం మీద, మూడోది జీడి బట్టీల మీద. ధర సంతలో కొనగలిగినంత పెట్టి, ముందు మెళియాపుట్టి, మందస, సీతంపేట సంతల్లో అమ్మండి. హైదరాబాదు పుస్తక ప్రదర్శనకి తర్వాత తీసుకెళ్ళొచ్చు.